సీమ కొండలకు ఎట్లాంటి షూ కొనాల: బండ, ముల్లు, ఎండ చూసుకొని

షూ కొనేటప్పుడు మనోళ్లు శానామంది ముందు రంగు చూస్తారు, తర్వాత బ్రాండు, తర్వాత రేటు, ఆఖర్లో "ఎయిట్ ఉందా అన్నా" అని అడుగుతారు. కొండలెక్కే షూకి ఈ వరస మొత్తం తిరగేయాల. మొదట చూడాల్సింది మీరు ఏ నేల మీద నడుస్తారు అనేది, రెండోది మీ పాదం ఆకారం, మిగిలినవన్నీ ఆ తర్వాతే. కర్నూలు, అనంతపురం, కడప చుట్టుపక్కల కొండల్లో కాలికి ఎదురయ్యేవి ముఖ్యంగా మూడు, కాలిన బండ, ముల్లు, కాలి కింద దొర్లే రాయి. మంచు లేదు, ఏడాదిలో ఎక్కువ నెలలు బురద కూడా లేదు. కానీ ఆన్‌లైన్‌లో హైకింగ్ షూ అని కొట్టి చూడండి, ముందు కనపడేవన్నీ చలి దేశాల కోసం, తడి అడవుల కోసం చేసినవి, వాటర్‌ప్రూఫ్ అని, చీలమండ పైదాకా ఎత్తు అని, లోపల మెత్త అని వాటికే రేటు ఎక్కువ. మన ఎండకి, మన రాయికి అవి పనికిరాకపోగా ఇబ్బంది పెడతాయి. డబ్బులు పెట్టాల్సింది సోల్ మీద, వేళ్ల దగ్గర జాగా మీద. నేను చెప్పేదంతా దీని చుట్టే తిరుగుతాది.

ముందు నేల సంగతి. అనంతపురం వైపు గుత్తి కోట, పెనుకొండ, రాయదుర్గం ఇవన్నీ గ్రానైట్ కొండలు, నున్నటి గుండ్లు, వాలుగా ఉండే పెద్ద పెద్ద బండలు. ఇట్లాంటి బండ మీద పట్టు దేనివల్ల వస్తాదంటే రబ్బరు ఎంత మెత్తగా ఉంది, ఎంత వెడల్పుగా బండకి ఆనుతుంది అనేదాన్ని బట్టి. సోల్ కింద పళ్లు లోతుగా, సన్నగా, దూరం దూరంగా ఉంటే బండకి తగిలే రబ్బరు తక్కువ, అందుకే ఫుట్‌బాల్ షూ లాంటి సోల్ వేసుకొని గుండు మీదికి పోతే జారుతారు. అదే నల్లమల లోపలికి, అహోబిలంలో ఉగ్రస్తంభం వైపు, లేదా గండికోటలో పెన్నా లోయ అంచున రాళ్లల్లోకి దిగితే కథ వేరే. అక్కడ క్వార్ట్‌జైట్ రాయి, అంచులు కోసుగా విరిగి ఉంటాయి, కాలు పెడితే కదిలే ముక్కలు, మధ్యలో ఎండిన ఆకు, కంకర. అక్కడ పళ్లు ఉంటేనే నేలను పట్టుకుంటాయి, పైగా సోల్ గట్టిగా లేకపోతే ప్రతి రాయి అంచూ అరికాలికి తెలుస్తాది, రెండు గంటలకే పాదం మంట పుడతాది.

అయితే ఒకరికి రెండు మూడు జతలు కొనే స్తోమత అందరికీ ఉండదు కాబట్టి నేను చెప్పేది మధ్యస్తంగా ఉండే సోల్. పళ్ల లోతు నాలుగు మిల్లీమీటర్ల చుట్టుపక్కల, పళ్లు వెడల్పుగా పలకలు పలకలుగా ఉండాల, బొటనవేలి కింద భాగం దాదాపు చదునుగా ఉంటే ఇంకా మంచిది, బండ ఎక్కేటప్పుడు బరువంతా పడేది అక్కడే. మడమ దగ్గర పళ్లు వెనక్కి తిరిగి ఉంటే దిగేటప్పుడు బ్రేకు పడతాది. గోరుతో రబ్బరును నొక్కి చూడండి, ప్లాస్టిక్ మాదిరి టకటకమంటే వద్దు, కొంచెం లోపలికి పోయి మళ్లీ పైకి రావాల. షాపులో టైల్స్ మీద నీళ్లు చల్లి రుద్ది చూసేంత ఓపిక ఉంటే చూడండి, ఎవరూ కాదనరు.

షూ సోల్ మీద పసుపు రంగులో ఎనిమిది పలకల బిళ్ల చూసుంటారు, వైబ్రమ్ అని రాసి ఉంటాది. ఇటలీలో విటాలె బ్రమానీ అనే కొండలెక్కే ఆయన, 1935లో ఆల్ప్స్‌లో తన తోటివాళ్లు ఆరుగురు చనిపోతే, వాళ్ల కాళ్లకున్న బూట్లు ఆ వాతావరణానికి సరిపోకపోవడం కూడా ఒక కారణమని గుర్తించి 1937లో పళ్లున్న రబ్బరు సోల్ తయారు చేసినాడు. అంతకుముందు తోలు సోల్‌కి ఇనప మేకులు కొట్టుకొని ఎక్కేవాళ్లు. ఈ రోజు ఏ హైకింగ్ షూ తిప్పి చూసినా కనపడే ఆ పళ్ల డిజైన్‌కి మూలం అదే. ఆ బిళ్ల ఉంటే రేటు పెరుగుతాది, లేకపోయినా మంచి సోళ్లు ఉన్నాయి, మీరు తిప్పి చూసుకొని తీసుకోవడం ముఖ్యం.

ఇంక ముల్లు. ఇది మన దగ్గర అన్నిటికన్నా పెద్ద సమస్య, బయటి ఊళ్లవాళ్లు రాసిన సలహాల్లో దీని మాటే ఉండదు. సర్కారు తుమ్మ, మనం కంప అనేది, చెరువు కట్టల మీద, వంకల్లో, కోట గోడల పక్కన యాడ చూసినా అదే. ఎండిన కంప ముల్లు నిలువుగా లేచి ఉంటే మామూలు జాగింగ్ షూ సోల్‌లోకి సూది దిగినట్టు దిగుతాది. ఎందుకంటే ఇప్పుడొచ్చే రన్నింగ్ షూల్లో కింద కనపడే రంగురంగుల భాగంలో ఎక్కువ భాగం రబ్బరు కాదు, ఈవీఏ అనే ఫోమ్. బరువు తగ్గించడానికి రబ్బరును అక్కడక్కడ మాత్రమే అంటిస్తారు. రోడ్డు మీద అది చాలు, కంప ఉన్న చోట అది అట్టముక్కతో సమానం. అందుకే షూ తిప్పి చూడండి, మడమ నుంచి వేళ్ల దాకా ఖాళీ లేకుండా రబ్బరు పరిచి ఉందా లేదా. మధ్యలో గుంట వదిలి ఫోమ్ బయటికి కనపడే మోడల్ అయితే పక్కన పెట్టేయండి, ఎంత తక్కువకి వచ్చినా సరే. కొన్ని షూల్లో ఫోమ్‌కీ రబ్బరుకీ మధ్య గట్టి ప్లాస్టిక్ పలక ఒకటి పెడతారు, రాయి పోటు తగలకుండా, రాక్ ప్లేట్ అంటారు, అది ఉంటే ముల్లుకి కూడా అడ్డమే.

పల్లేరు కాయలు మందం రబ్బరు సోల్‌ని దాటి లోపలికి రావు గానీ మెష్ గుడ్డకి, సాక్స్‌కి అంటుకుంటాయి. అందుకే షూ పైభాగం పూర్తిగా జల్లెడ మాదిరి మెష్ కాకుండా పక్కల్లో, ముందర కొంచెం గట్టి గుడ్డ గానీ స్వేడ్ తోలు గానీ ఉండేది చూసుకోండి. వేళ్ల ముందర రబ్బరు క్యాప్ తప్పనిసరి. అది లేని షూ మన రాళ్లల్లో ముందుగా చిరిగేది అక్కడే, పైగా రాయికి కొట్టుకుంటే బొటనవేలి గోరు నల్లబడేది కూడా ఆ క్యాప్ లేకపోవడం వల్లే. లేసుల కింద ఉండే నాలుక రెండు పక్కలా షూకి కలిపి కుట్టి ఉందేమో వేలు పెట్టి చూడండి, విడిగా ఉంటే ఆ సందులోంచి ఇసక, గడ్డి గింజలు లోపలికి పడతాయి, అరగంటకోసారి కూర్చొని దులుపుకోవాల.

వాటర్‌ప్రూఫ్ సంగతి చెప్తాను, ఇక్కడే ఎక్కువ డబ్బులు వృథా అయ్యేది. గోర్‌టెక్స్ లాంటి పొర ఉన్న షూ బయటి నీళ్లను లోపలికి రానీయదు, చెమట ఆవిరిని బయటికి పంపుతాది అంటారు, పంపుతాది గానీ నిదానంగా, బయట చల్లగా పొడిగా ఉన్నప్పుడు బాగా. మన దగ్గర మార్చి దాటినాక కొండ మీద నడిస్తే పాదానికి పట్టే చెమట దానికి మించి ఉంటాది, లోపల ఉడికిపోయి చర్మం మెత్తబడి బొబ్బలొస్తాయి. ఇంకో సంగతి, ఎగువ అహోబిలం దారిలో భవనాశి వాగు దాటాల్సి వస్తే నీళ్లు షూ పైనుంచి లోపలికి పోతాయి, అట్లా పోయిన నీళ్లు వాటర్‌ప్రూఫ్ షూలోంచి బయటికి రావు, రెండు రోజులైనా ఆరదు. మామూలు మెష్ షూ అయితే నడుస్తా ఉంటే నీళ్లు కారిపోయి గంటా రెండు గంటల్లో తడి తగ్గిపోతాది. కాబట్టి మీరు హిమాలయాలకి పోయే ప్లాన్ ఉంటే తప్ప వాటర్‌ప్రూఫ్‌కి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు.

చీలమండ ఎత్తు గురించి కూడా ఇదే మాట. ఎత్తు బూటు వేసుకుంటే కాలు మడత పడదు అని శానామంది నమ్ముతారు. కాలు మడత పడకుండా ఆపేది ఎక్కువగా సోల్ వెడల్పు, మడమ గట్టిగా పట్టి ఉండటం, మీ కాళ్ల బలం. కోటలకి, మెట్ల దారులకి, ఎండాకాలం నడకలకి లో కట్, అంటే చీలమండ కిందికే ఆగే షూ చాలు, తేలిగ్గా ఉంటాది. కాలికున్న బరువు వీపు మీది అంతే బరువు కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ శక్తి తింటాది, అందుకే షూ జతకి రెండు మూడు వందల గ్రాములు తగ్గినా సాయంత్రానికి తేడా తెలుస్తాది. ఎత్తు షూ ఎప్పుడంటే, వానలు పడినాక గడ్డి మోకాలెత్తు పెరిగిన చోట, లంకమల లాంటి అడవిలో, వీపున బరువు మోసుకొని నడిచేటప్పుడు. రక్తపింజర, చిన్నపింజర మనకి కొత్త కాదు, పాము కాటు ఎక్కువగా పాదం మీద, పిక్క కింద పడతాది కాబట్టి గట్టి గుడ్డ ఉన్న ఎత్తు షూ, మందం ప్యాంటు కొంత అడ్డు. కొంతే. కర్రతో గడ్డి తట్టుకుంటా, కాలు పెట్టే చోటు చూసుకుంటా నడవడమే అసలు రక్షణ. ఒకవేళ కాటు పడితే కోయడం, కట్టు బిగించడం ఏమీ చేయకుండా కాలు కదలనీకుండా నేరుగా ఆసుపత్రికి పోవాల, మందు అక్కడే ఉంటాది. అట్లనే నల్లమల, లంకమల రెండూ రక్షిత అడవులు, ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ లేకుండా లోపలికి పోవద్దు.

ఇంక సైజు. నిజం చెప్పాలంటే పైన చెప్పినవన్నీ కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు, సైజు తప్పితే మాత్రం ఎంత ఖరీదైన షూ అయినా మూలకి పోతాది. కొనేది సాయంత్రం పూట పెట్టుకోండి, పొద్దంతా నిలబడి తిరిగినాక పాదం కొంచెం ఉబ్బి ఉంటాది, కొండ మీద కూడా ఇట్లనే ఉబ్బుతాది. ఇంట్లో గోడకి మడమ ఆనించి, కింద పేపర్ పెట్టి, బరువంతా ఆ కాలి మీదేసి నిలబడి పొడవైన వేలు దగ్గర గీత పెట్టించుకోండి. అందరికీ బొటనవేలే పొడుగు కాదు, కొందరికి రెండోది. రెండు కాళ్లూ కొలవండి, ఒకటి కొంచెం పెద్దగా ఉండటం మామూలే, పెద్దదాని కొలత తీసుకోవాల. ఆ పొడవుకి పది పన్నెండు మిల్లీమీటర్లు కలిపితే షూ లోపల ఉండాల్సిన పొడవు. మన దగ్గర నడిచేది యూకే సైజు, ఒక నంబరుకీ ఇంకో నంబరుకీ తేడా దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. అమెరికా నంబరు మగవాళ్లకి ఒకటి ఎక్కువ చూపిస్తాది, ఆన్‌లైన్‌లో అది చూసి తికమక పడొద్దు, పెట్టె మీద సెంటీమీటర్లు రాసి ఉంటే అదే నమ్మండి.

పొడవు కన్నా మనవాళ్లకి ఎక్కువ తేడా వచ్చేది వెడల్పులో. చిన్నప్పుడు ఒట్టి కాళ్లతో, చెప్పులతో తిరిగి పెరిగిన పాదం ముందర విసనకర్ర మాదిరి విచ్చుకొని ఉంటాది, అది ఆరోగ్యమైన పాదం, దాన్ని సన్నటి మూతి షూలోకి దూర్చకూడదు. 1992లో మన దేశంలోనే 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసి చూసిన ఒక పరిశీలన వచ్చింది, షూ వేసుకునే పిల్లల్లో చదును పాదాలు, అంటే అరికాలి వంపు లేనివి, 8.6 శాతం, వేసుకోని వాళ్లల్లో 2.8 శాతం. అంటే చిన్నప్పటి నుంచి వేసుకునే మూసిన మూతి షూ పాదం ఆకారాన్నే మార్చొచ్చని దీన్నిబట్టి అనిపిస్తాది. కాబట్టి లోపలి మెత్త సోల్‌ను బయటికి తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి, మీ చిటికెన వేలు, బొటనవేలు అంచు దాటి బయటికి వస్తా ఉంటే ఆ మోడల్ మీది కాదు, ఒక నంబరు పెద్దది తీసుకుంటే సరిపోతాది అనుకోవద్దు, పొడవు ఎక్కువై మడమ జారుతాది. వేరే మోడల్ చూడండి, కొన్ని కంపెనీలు వైడ్ అని విడిగా అమ్ముతాయి.

ఆడవాళ్లకి ఇంకో ఇబ్బంది ఉంది. మన టౌన్లలో ఆడవాళ్ల ట్రెక్కింగ్ షూలు ఉన్నా ఒకటో రెండో మోడల్లు, అవి కూడా సన్నగా, రంగు చూసి పెట్టినవి. యూకే నంబర్లు ఆడా మగా ఇద్దరికీ ఒకటే లెక్క కాబట్టి పాదం కొంచెం వెడల్పు ఉన్న ఆడవాళ్లు మగవాళ్ల మోడల్‌లో ఐదో ఆరో నంబరు నిశ్చింతగా తీసుకోవచ్చు, చిన్న సైజులు లేవంటే తెప్పించమని అడగండి. అమ్మలు, పెద్దమ్మలు కొండ గుళ్లకి పల్చటి రబ్బరు చెప్పులతో ఎక్కి దిగి మోకాళ్లు పట్టుకొని కూర్చుంటారు, ఇంట్లో కొడుకులకి కొనేటప్పుడు వాళ్లకి కూడా ఒక జత కొనండి. చీర మీద షూ ఏం బాగుంటాదమ్మా అంటారు, వెనక పట్టీ ఉన్న మందం సోల్ శాండల్ అయితే కాదనరు.

షాపులో షూ వేసుకొని చేయాల్సినవి చెప్తాను. కొండకి వేసుకునే సాక్స్ తీసుకెళ్లండి, అక్కడిచ్చే పల్చటి సాక్స్‌తో చూస్తే కొలత తప్పుతాది. ముందు లేసులు వదులు చేసి పాదం ముందుకి తోస్తే మడమ వెనక ఒక వేలు దూరాల. తర్వాత మడమ వెనక్కి కొట్టి లేసులు కట్టి నిలబడండి, వేళ్లు లోపల పియానో వాయించినట్టు కదలాల. ఇప్పుడు అసలు పరీక్ష, షాపులో మెట్లు ఉంటే దిగండి, లేకపోతే ఏదన్నా వాలు పీట మీద ముందుకి వంగి నిలబడండి, వేలి గోరు షూ మూతికి తగిలిందంటే ఆ షూ వద్దు. ఎక్కేటప్పుడు ఎవరికీ ఏమీ కాదు, గోళ్లు ఎక్కువగా నల్లబడేది దిగేటప్పుడే. మడమ పైకి లేపి చూస్తే లోపల కొంచెం కూడా జారకూడదు. చేతిలోకి తీసుకొని ముందరి నుంచి వంచండి, వేళ్ల మొదలు దగ్గర వంగాల, మధ్యలో మడత పడితే లోపల బలం లేదని అర్థం. బట్ట పిండినట్టు మెలి తిప్పితే కొంచెం ఎదురు తిరగాల. మడమ వెనక గుంటను బొటనవేలితో నొక్కితే లొట్టపోకూడదు.

"వాడేకొద్దీ లూజ్ అయితాది లే సార్" అని షాపాయన కచ్చితంగా అంటాడు. తోలు అయితే వెడల్పులో కొద్దిగా సాగుతాది, పొడవులో ఏదీ సాగదు, సింథటిక్ గుడ్డ అయితే అస్సలు సాగదు. షాపులో నొప్పి పెట్టింది కొండ మీద ఇంకా ఎక్కువ పెడతాది.

రేటు సంగతి అడుగుతారు కాబట్టి, మన వాడకానికి రెండున్నర వేల నుంచి ఐదు వేల లోపల మంచి జత దొరుకుతాది, అంతకు మించి పెట్టాల్సిన పని లేదు. పెద్ద స్పోర్ట్స్ స్టోర్లకి అనంతపురం వాళ్లు బెంగళూరు, కర్నూలు వాళ్లు హైదరాబాద్ పోయినప్పుడు చూసుకోవచ్చు, ఆన్‌లైన్‌లో అయితే వాపస్ తీసుకునేవాళ్ల దగ్గరే కొని, రెండు మూడు రోజులు ఇంట్లో శుభ్రమైన బండల మీద మాత్రమే వేసుకొని తిరగండి, మరక పడితే వాపస్ తీసుకోరు. ఇంకోటి, పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం రాసి ఉంటాది, అది తప్పకుండా చూడండి. కొన్ని బూట్ల మధ్య సోల్ పీయూ అనే పదార్థంతో చేస్తారు, అది వాడకపోయినా గాలిలో తేమకి లోపల్లోపల విరిగిపోతా వస్తాది, నాలుగైదేళ్లు పెట్టెలో ఉన్న కొత్త బూటు కూడా ఒక్క నడకకే పొడి పొడిగా రాలిపోవచ్చు. సగం రేటుకి ఇస్తాం అన్న పాత స్టాకులో ఈ ప్రమాదం ఉంటాది.

ఎర్రగుంట్ల, తాడిపత్రి లాంటి సిమెంటు ఫ్యాక్టరీలు, బండల గనులు ఉన్న ఊళ్లల్లో సేఫ్టీ షూలు తక్కువకి దొరుకుతాయి, గట్టిగా ఉన్నాయి కదా అని కొండకి కూడా అవే వేసుకొచ్చేవాళ్లు ఉన్నారు. సేఫ్టీ షూల ప్రమాణం ఐఎస్ 15298 పార్ట్ 2 గుర్తు ఉన్న ఆ షూల ముందర గట్టి టోపీ, ఎక్కువగా ఇనపది, 200 జౌల్స్ దెబ్బని తట్టుకునేలా చేస్తారు, పైనుంచి రాయి పడే చోట అది ప్రాణాధారం. నడకకి మాత్రం బరువు, వేడి, దిగేటప్పుడు వేళ్లు ఆ ఇనుముకే కొట్టుకుంటాయి. పనికి పని షూ, కొండకి కొండ షూ.

టైరు చెప్పులు, శాండల్స్ తీసిపారేసేవి కావు. మన రైతులు ఏళ్ల తరబడి పాత టైరుతో కుట్టించుకున్న చెప్పులతోనే కంపలో, చేన్లో తిరిగినారు, ఆ రబ్బరుకి ముల్లు అంత సులువుగా దిగదు. వేసిన బాటలో నడవాలన్నా, బెలూం గుహలు చూడాలన్నా, వాగుల్లో తిరగాలన్నా మడమ పట్టీ ఉన్న మందం సోల్ శాండల్ చాలు. బెలూం గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లయినా చూసేందుకు తెరిచింది దాదాపు ఒకటిన్నర కిలోమీటరే, లోపల ఉక్క, అక్కడక్కడ తడి, దానికి బూట్లు వేసుకొని ఉడకాల్సిన పని లేదు. కోసురాళ్లు, దిగుడు ఉన్న చోట మాత్రం వేళ్లు కప్పి ఉండాల.

వానాకాలం కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో నడిస్తే ఏ షూకైనా అడుగుకి ఒక కేజీ బంక అంటుకుంటాది. పళ్లు దూరం దూరంగా ఉన్న సోల్ కొంచెం త్వరగా వదిలించుకుంటాది, అయినా చేతిలో ఒక పుల్ల పెట్టుకొని గీక్కుంటా పోవాల్సిందే. వాన పడిన రెండు రోజులు ఆగి పోతే ఇంకా నయం.

సాక్స్ గురించి ఎవరూ పట్టించుకోరు గానీ బొబ్బల్లో సగం దాని వల్లే. పూర్తి కాటన్ సాక్స్ చెమట పీల్చి తడిసి ముద్దయి చర్మాన్ని రుద్దుతాది. నైలాన్, పాలిస్టర్ కలిసిన స్పోర్ట్స్ సాక్స్, పిక్క కింద దాకా వచ్చేవి, రెండు జతలు పెట్టుకోండి, మధ్యాహ్నం తినేటప్పుడు ఒకటి మార్చి తడిది సంచికి తగిలిస్తే మన ఎండకి కాసేపట్లో ఆరిపోతాది. ఎప్పుడూ రుద్దుకుపోయే చోటు ఉంటే పొద్దున్నే అక్కడ మెడికల్ షాపులో దొరికే పేపర్ టేపు అంటించుకోండి, మంట మొదలైన వెంటనే ఆగి అంటించినా సరే, ఇంకొంచెం దూరమే కదా అని నడవొద్దు. లేసుల్లో పైన చివరి రంధ్రం ఒకటి ఖాళీగా ఉంటాది, దాంట్లో లేసును అదే పక్క దూర్చి చిన్న చెవి మాదిరి వదిలి, అవతలి లేసును ఆ చెవిలోంచి తీసి బిగిస్తే మడమ లాక్ అయినట్టు కూర్చుంటాది, దిగే ముందు ఇట్లా కట్టుకుంటే వేళ్లు ముందుకి తోసుకుపోవు.

కొత్త షూతో నేరుగా కొండకి పోవద్దు. వారం పది రోజులు పొద్దున నడకకి, పాలకి, సంతకి అదే వేసుకొని తిరగండి.

మన దగ్గర కొండంటే పైన గుడి ఉంటాది, షూ విప్పాల్సిందే. తాళ్లపాక అన్నమయ్య చిన్న వయసులో చెప్పులతోనే తిరుమల కొండ ఎక్కుతా అలిసి పడిపోతే అలమేలుమంగమ్మ కనపడి, చెప్పులు విప్పి ఎక్కు నాయనా అని చెప్పిందని మన పెద్దలు చెప్పుకుంటారు, ఆ భక్తిని ఎవరూ కాదనరు. కానీ ఎండ సంగతి కూడా చూసుకోవాల. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటినాక నల్ల బండ మీద ఒట్టి కాలు నాలుగు సెకన్లు ఆనదు. నిత్యపూజకోన, అహోబిలం లాంటి చోట్లకి పోతే దర్శనం పొద్దున్నే అయ్యేలా బయల్దేరండి, షూ విప్పే చోటు నుంచి గడప దాకా పాత మందం సాక్స్ ఒక జత వేసుకోండి, గడప దగ్గర తీసేయొచ్చు. ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు ఈ మాట వినండి, షుగర్ ఎక్కువ ఏళ్లుగా ఉంటే పాదానికి స్పర్శ తగ్గుతాది, బండ కాలుస్తా ఉన్నా తెలియదు, ముల్లు గుచ్చుకున్నా తెలియదు, ఇంటికొచ్చినాక చూస్తే బొబ్బ, తర్వాత పుండు, అది తొందరగా మానదు. మొక్కు ఉన్నా సరే మధ్యాహ్నం ఒట్టి కాళ్లతో బండ మీద నడవొద్దు, ఇంటికి రాగానే అరికాళ్లు అద్దంలో గానీ ఇంకొకరితో గానీ చూపించుకోండి, కంటికి కనపడని గాయమే ప్రమాదం.

గుడి దగ్గర ఖరీదైన షూ వదలాలంటే భయమే, ఒక గుడ్డ సంచి మడిచి బ్యాగులో పెట్టుకుంటే దాంట్లో వేసి వెంట పెట్టుకోనిచ్చే చోట పెట్టుకోవచ్చు, కాకపోతే టోకెన్ ఇచ్చే చోటే వదలండి. అడవిలో రాత్రి ఉంటే షూ బయట వదలొద్దు, పొద్దున తొడిగే ముందు తలకిందులుగా పట్టుకొని గట్టిగా దులిపి వేసుకోండి, తేళ్లు దూరేది ఇట్లాంటి చీకటి సందుల్లోకే.

ఇంటికొచ్చినాక చూసుకోవాల్సింది ఒకటే ముఖ్యం, ఎండ. తడిసింది కదా అని మిద్దె మీద ఎర్రటెండలో పెడతారు, కారు డిక్కీలో వారాల తరబడి వదిలేస్తారు. సోల్ అంటించింది జిగురుతో, వేడికి జిగురు మెత్తబడి అంచు లేస్తాది, తోలు పగులుతాది. లోపలి సోల్ తీసి, న్యూస్ పేపర్ ఉండలు కుక్కి, నీడలో గాలి తగిలే చోట పెట్టండి, గంటకోసారి పేపర్ మారిస్తే రాత్రికి ఆరిపోతాది. మట్టి ఆరినాక పాత టూత్ బ్రష్‌తో దులపండి, వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు.

అంచు లేచిందంటే పారేయకుండా చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లండి. సోల్ అంచు రబ్బరు పైకి గిన్నె మాదిరి లేచి ఉంటే చుట్టూ సైడ్ కుట్టు వేస్తాడు, కొత్త షూకి కూడా ముందే వేయించుకోవచ్చు, ఏళ్లు వస్తాది. అదే అంచులో ఫోమ్ ఉంటే కుట్టు వేయించొద్దు, దారం ఫోమ్‌ను కోసేస్తాది, మంచి జిగురుతో అంటించి తాడు చుట్టి ఒక రోజు వదిలేయమనండి. వాటర్‌ప్రూఫ్ షూకి కుట్టు వేస్తే ఆ పొరకి బొక్కలు పడతాయి. బొటనవేలి కింద పళ్లు అరిగి నున్నగా అయినాయంటే మాత్రం ఆ షూ కొండకి ఇంక వద్దు, పైన ఎంత కొత్తగా కనపడినా సరే, చేనికో బజారుకో వాడుకోండి.